పాచిక పారనప్పుడు ఆట ఏం చేస్తుంది? వేర్వేరు రోల్‌ప్లేయింగ్ ఆటలలో మన అనుభవాలు

పాచికల పెట్టె

సభ్యులందరికీ నమస్కారం. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయి కథ నడిపే ఆటలు, చాలాకాలంగా ఆడుతున్నాను. కొన్నింటిని గేమ్ మాస్టర్‌గా, అంటే కథను ముందుకు నడిపి మిగతా లోకం తరఫున మాట్లాడే మనిషిగా, నడిపించాను కూడా. ఏ ఆట బాగుంటుందని ఎవరైనా అడిగినప్పుడు, దాని కల్పిత ప్రపంచం ఎంత విశాలమైనది, పుస్తకంలో బొమ్మలు ఎలా ఉన్నాయి, ఎన్ని రకాల పాత్రలు తయారు చేసుకోవచ్చు అన్నవాటికన్నా ముందు నేను ఒక్క విషయం చూస్తాను: ఆటగాడు వేసిన పాచిక పారనప్పుడు ఆ ఆట ఏం చేయమంటుంది? గెలుపు అన్ని ఆటల్లోనూ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది, శత్రువు పడిపోతాడు, కాపలాదారు మన మాట నమ్ముతాడు. ఒక్కో ఆట స్వభావం బయటపడేది ఓటమి దగ్గరే.

మనలో చాలామందిలాగే నేనూ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తోనే మొదలుపెట్టాను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆ ఆటే ఈ రంగానికంతటికీ మూలం. నేను ఎక్కువగా ఆడింది మాత్రం 2014లో వచ్చిన అయిదో ఎడిషన్. అందులో ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్రకున్న నైపుణ్యాన్ని దానికి కలిపి, లక్ష్య సంఖ్యను అందుకోవాలి. తాళాలు తీయడంలో +5 ఉన్న దొంగ పాత్ర, 15 లక్ష్యంగా ఉన్న తాళం ముందు కూర్చుంటే, పాచిక మీద 10 గాని అంతకు మించి గాని పడాలి. అంటే గెలుపు అవకాశం 55 శాతం. మిగిలిన 45 శాతం సందర్భాలలో కథ ఏమవుతుందన్నది చాలావరకు గేమ్ మాస్టర్ ఊహకే వదిలేశారు. తాళం రాలేదు, అంతే. అప్పుడు పక్కనున్నవారు "అయితే నేను చూస్తాను" అంటారు, వారికీ పడకపోతే ఇంకొకరు పాచిక చేతిలోకి తీసుకుంటారు, చివరికి తాళాల గురించి ఏమీ తెలియని యోధుడికి 19 పడి తలుపు తెరుచుకుంటుంది. దొంగ పాత్రను ప్రేమగా తయారు చేసుకున్న ఆటగాడు చిన్నబోతాడు. లక్ష్యానికి ఒకటి రెండు అంకెలు తగ్గినప్పుడు ఏదో ఒక నష్టంతో పని జరిగిందని చెప్పవచ్చునని ఆ ఎడిషన్‌లో గేమ్ మాస్టర్ల పుస్తకం ఒక ఐచ్ఛిక నియమం ఇస్తుంది గాని, దాన్ని వాడిన ఆటగాళ్ల బృందాలు నాకు అరుదుగానే కనిపించాయి.

ఆ తరువాత విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపొకలిప్స్ వరల్డ్ ఆడాను. అది 2010లో వచ్చింది. అందులో ఆరు ముఖాల పాచికలు రెండు వేసి పాత్ర లక్షణాన్ని కలుపుతారు. 10 గాని అంతకు మించి గాని పడితే పూర్తి విజయం, 7 నుంచి 9 వరకు పడితే ఏదో ఒక మూల్యంతో విజయం, 6 గాని అంతకు తక్కువ గాని పడితే గేమ్ మాస్టర్ వంతు వచ్చిందని అర్థం. అప్పుడు వారు ఎంత గట్టి దెబ్బ అయినా కొట్టవచ్చు. +1 ఉన్న పాత్రకు పూర్తి విజయం దాదాపు 28 శాతం, మధ్యస్థ ఫలితం 44 శాతం, ఓటమి 28 శాతం. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఆ మధ్య ఫలితమే, అందుకే ఆటలో ప్రతి పనికీ ఏదో ఒక తోక మిగిలి ఉంటుంది. ఒకసారి నా పాత్ర వంతెన మీది కాపలావాళ్లను ఒప్పించబోతే 8 పడింది. "నిన్ను దాటనిస్తారు, కాని నీ తుపాకీ అయినా, నీ వెంట ఉన్న పిల్లవాడైనా ఇవతలే ఉండాలి" అన్నారు గేమ్ మాస్టర్. బల్ల చుట్టూ ఉన్న అందరం ఆ ఒక్క ఎంపిక గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. పిల్లవాణ్ణి వదలలేక తుపాకీ వదిలాను. ఆ తరువాతి కథంతా చేతిలో ఆయుధం లేని పాత్ర కథ అయింది.

రెండు ఆటలనూ ఇష్టపడతాను. అయితే ఓటమి తరువాత మాట ఆగిపోయే ఆటకూ, మాట మొదలయ్యే ఆటకూ మధ్య తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మీరు ఆడిన ఆటలలో పాచిక పారనప్పుడు ఏం జరుగుతుందో, అది మీకు నచ్చిందో లేదో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పటం గీసేవాడు

పాచికల పెట్టె గారూ, మంచి ప్రశ్న వేశారు. అయితే "ఏమీ జరగలేదు" అన్న జవాబును మీరు తక్కువ చేసి చూశారని నా అభిప్రాయం. నేను ఆడేవి ఎక్కువగా పాత తరహా ఆటలు, ముఖ్యంగా 1981 నాటి బేసిక్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్. అందులో నేలమాళిగలో గడిచే కాలాన్ని పది నిమిషాల చొప్పున టర్న్‌లుగా లెక్కపెడతారు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, లాంతరు ఇరవై నాలుగు. గోడలో రహస్య ద్వారం ఉందేమోనని వెతకడానికి ఒక టర్న్ ఖర్చవుతుంది. ఆరు ముఖాల పాచిక మీద 1 పడితేనే అది దొరుకుతుంది, ఎల్ఫ్ అనే కల్పిత జాతి పాత్రకైతే 2 పడినా చాలు. ఇదిలా ఉండగా ప్రతి రెండు టర్న్‌లకు ఒకసారి గేమ్ మాస్టర్ వేరే పాచిక వేస్తారు, అందులో 1 పడితే అటుగా తిరిగే జంతువో రాక్షసమో ఎదురుపడుతుంది.

కాబట్టి ద్వారం దొరకకపోవడం అంటే ఏమీ జరగకపోవడం కాదు. పది నిమిషాలు పోయాయి, కాగడాలో ఆరో వంతు పోయింది, ప్రమాదం ఒక అడుగు దగ్గరికి వచ్చింది. నేను నడిపిన ఒక ఆటలో ఉత్తరపు గోడను రెండుసార్లు వెతికారు, ఏమీ దొరకలేదు. కాని వాళ్లు గీసుకున్న పటంలో ఆ గోడకు అవతల సరిగ్గా ఒక గది పట్టేంత ఖాళీ ఉంది. మూడోసారి వెతకాలా, మిగిలిన ఒక్క కాగడాతో వెనక్కి వెళ్లాలా అని వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. ఒకరు పటం గీసిన గళ్ల కాగితం ముందుకు లాగి గళ్లు మళ్లీ లెక్కపెట్టారు. నేను ఒక్క మాట కూడా కలపలేదు, కలపవలసిన అవసరమూ రాలేదు. ఓటమిని ఆసక్తికరంగా మార్చడానికి నేను అప్పటికప్పుడు ఏమీ కల్పించనక్కరలేదు, కాలం లెక్కే ఆ పని చేసింది.

మీరు చెప్పిన తాళం సమస్యకు మూలం కూడా అక్కడే ఉందనుకుంటాను. కాలానికి విలువ లేని చోట ఎన్నిసార్లు ప్రయత్నించినా నష్టం లేదు కాబట్టి అందరూ వరుసగా పాచిక వేస్తారు. కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెడితే ఆ వరుస దానంతటదే ఆగిపోతుంది.

మౌనరేఖ

నేను ఎక్కువగా ఆడేది కాల్ ఆఫ్ కథుల్హు. శాండీ పీటర్సన్ రాయగా కేయోసియం సంస్థ 1981లో ప్రచురించిన భయానక ఆట ఇది. నైపుణ్యాలన్నీ శాతాలలో ఉంటాయి. గ్రంథాలయ శోధనలో మీకు 40 ఉంటే, నూరు పాచిక (1 నుంచి 100 వరకు అంకె ఇచ్చేది) మీద 40 గాని అంతకు తక్కువ గాని పడాలి. మామూలు మనుషుల పాత్రలు కాబట్టి చాలా నైపుణ్యాలు 50 లోపే ఉంటాయి, పాచికలు తప్పడం సర్వసాధారణం.

పరిశోధన ఆటలో ఇది పెద్ద చిక్కు. కథంతా ఒక పాత వార్తాపత్రికలోని చిన్న ప్రకటన మీద ఆధారపడి ఉన్నప్పుడు, గ్రంథాలయంలో అందరి పాచికలూ తప్పితే ఆ ప్రకటన ఎవరి కంటా పడదు. పటం గీసేవాడు గారు చెప్పిన కాగడా లెక్క ఇక్కడ పనికిరాదు. సమయం పోయినందువల్ల ఆధారం దొరకదు కదా. ఇలాంటి సందర్భంలో గేమ్ మాస్టర్ ముఖంలో కంగారు నేను స్పష్టంగా చూశాను. ఆ ఆధారాన్ని ఇంకెవరి నోటనైనా చెప్పించాలని అప్పటికప్పుడు ఒక పాత్రను కల్పిస్తారు, ఆటగాళ్లకు అది తెలిసిపోతుంది.

ఏడో ఎడిషన్‌లో దీనికి ఒక అందమైన పరిష్కారం ఉంది. పాచిక తప్పినప్పుడు మీరు రెండోసారి వేయవచ్చు, కాని ఈసారి ఇంకా ఎక్కువగా ఏం చేస్తున్నారో కథలో చెప్పాలి, మళ్లీ తప్పితే ఏం జరుగుతుందో గేమ్ మాస్టర్ ముందే హెచ్చరించవచ్చు. యుద్ధంలో ఈ అవకాశం లేదు, మానసిక స్థైర్యాన్ని పరీక్షించేటప్పుడూ లేదు. మా బల్ల దగ్గర ఒక ఆటగత్తె, గ్రంథాలయం మూసిన తరువాత లోపలే దాక్కుని రాత్రంతా వెతుకుతానంది. "సరే, ఈసారి కూడా తప్పితే నీకు కావలసిన పుస్తకం దొరుకుతుంది, కాని అదే పుస్తకం కోసం వచ్చిన మనిషి నిన్ను చూస్తాడు" అన్నారు గేమ్ మాస్టర్. ఆమె చాలాసేపు పాచికలు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఓటమి ఎలా ఉంటుందో తెలిసి, దాన్ని తానే ఎంచుకుని వేసే పాచికకు ఉండే బరువు వేరు. ఆ బరువు కోసమే నేను ఈ ఆట ఆడతాను.

ఇంకో దారి 2008లో వచ్చిన ట్రెయిల్ ఆఫ్ కథుల్హు చూపించింది. రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతి మీద నడిచే ఆ ఆటలో ముఖ్యమైన ఆధారానికి అసలు పాచికే లేదు. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే ఆధారం దొరికి తీరుతుంది. ఆ ఆధారానికి అర్థమేమిటో తేల్చుకోవడమే ఆటగాళ్ల పని. ఓటమిని తగిన చోట తీసేయడం కూడా ఓటమి గురించి ఆలోచించడమే.

చిన్న సంగతి ఒకటి, చర్చకు సంబంధించినదే. కాల్ ఆఫ్ కథుల్హులో విజయవంతంగా వాడిన నైపుణ్యం పక్కన గుర్తు పెట్టుకుని, కథ ముగిశాక దాన్ని పెంచుకోవడానికి పాచిక వేస్తాం. అప్పుడు మాత్రం మన నైపుణ్యం కన్నా ఎక్కువ పడాలి. అంటే మామూలుగా ఓటమి అనిపించే అంకె పడితేనే పాత్ర నేర్చుకుంటుంది, వచ్చిన విద్య పెరిగేకొద్దీ ఇంకా నేర్చుకోవడం కష్టమవుతుంది. ఇంత చిన్న నియమంలో ఇంత నిజం పట్టించినందుకు నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

పాచికల పెట్టె

పటం గీసేవాడు గారూ, కాలం లెక్క గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. తాళం ఉదాహరణలో అసలు లోపం పాచికది కాదు, ఆ పాచిక చుట్టూ మరేదీ కదలకపోవడం. మౌనరేఖ గారు రాసిన రెండో పాచిక నియమం అపొకలిప్స్ వరల్డ్‌కు పూర్తిగా తలకిందులుగా ఉండటం కూడా నన్ను ఆకట్టుకుంది. అక్కడ పాచిక పడ్డాక మూల్యం తెలుస్తుంది, ఇక్కడ ముందే తెలుస్తుంది.

తొమ్మిదో తలుపు

ఈ రెండింటినీ ఒకే చోట చేర్చిన ఆట బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అని నా అభిప్రాయం. జాన్ హార్పర్ రాసిన ఈ ఆట 2017లో పుస్తకంగా వచ్చింది. పాత్రలన్నీ ఒక దొంగల ముఠాకు చెందినవి. పాచిక వేసే ముందు ఆ పని ఎంత ప్రమాదకరమో, ఫలిస్తే ఎంత ఫలితం వస్తుందో గేమ్ మాస్టర్ బాహాటంగా చెప్పాలి. నియంత్రణలో ఉన్న పరిస్థితి, ప్రమాదంతో కూడినది, తెగించి చేసేది అని మూడు స్థాయులు ఉన్నాయి. చేతిలో ఎన్ని ఆరు ముఖాల పాచికలు ఉంటే అన్నీ వేసి, వాటిలో పెద్ద అంకెను చూస్తారు. 6 పడితే పూర్తి విజయం, 4 గాని 5 గాని పడితే చిక్కుతో కూడిన విజయం, అన్నీ 3 లోపే ఉంటే ఓటమి. ఒక పాచికతో ఓటమి అవకాశం సగం, రెండింటితో పావు, మూడింటితో ఎనిమిదో వంతు. ఒక్కో పాచిక ఎంత విలువైనదో ఆటగాళ్లకు త్వరగానే అర్థమవుతుంది.

ఈ ఆటలో నాకు బాగా నచ్చినది ఏమిటంటే, గేమ్ మాస్టర్ చెప్పిన నష్టాన్ని ఆటగాడు కాదనవచ్చు. పాచికలు వేసి, 6 లోంచి వాటిలోని పెద్ద అంకెను తీసేస్తే వచ్చినంత ఒత్తిడిని పాత్ర మీద వేసుకోవాలి. ఒత్తిడికి తొమ్మిది గళ్లు ఉంటాయి. అవి నిండితే పాత్ర ఆ సాహసం నుంచి తప్పుకుని, శాశ్వతమైన మానసిక గాయంతో తిరిగి వస్తుంది. అలాంటివి నాలుగు చేరితే పాత్రకు ఆట నుంచి విరమణే. అందువల్ల ప్రతి ఓటమి దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది: ఈ దెబ్బను కథలో తినాలా, నాలో దాచుకోవాలా?

చిక్కులను గడియారాలుగా గీయడం ఇంకో మేలైన పద్ధతి. ఒక వృత్తాన్ని నాలుగో, ఆరో, ఎనిమిదో భాగాలు చేసి మధ్యలో "కాపలావాళ్లకు అనుమానం" అని రాస్తాం. పాచిక తప్పినప్పుడల్లా ఒకటో రెండో భాగాలు నింపుతాం. నేను నడిపిన ఆటలో ఆరింట అయిదు భాగాలు నిండిన ఆ కాగితం బల్ల మధ్యలో ఉన్నప్పుడు, అంతవరకు గట్టిగా మాట్లాడుకుంటున్న ఆటగాళ్లు గొంతు తగ్గించారు. వాళ్లు నిజంగా ఎవరి ఇంట్లోనూ దూరలేదు, మామూలు గదిలో కూర్చున్నారు. అయినా గొంతు తగ్గింది.

పటం గీసేవాడు

తొమ్మిదో తలుపు గారి వివరణ బాగుంది. గడియారం నా కాగడాలకు దగ్గరి చుట్టమే అనుకుంటున్నాను. అయితే ఈ కొత్త ఆటల మీద నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, ప్రతి 4కూ, 5కూ ఒక కొత్త చిక్కు కల్పించే భారమంతా గేమ్ మాస్టర్ మీదే పడుతుంది. సెషన్ మూడో గంటకు వచ్చేసరికి కాపలావాడు రావడం, తాడు తెగడం, ఎవరో చూడటం తప్ప మరో చిక్కు తోచదు. రెండు, ఎప్పుడూ సగం విజయమే అయితే పాత్రలు నిజంగా నేర్పరులన్న భావన కలగదు. పేరుమోసిన దొంగ ప్రతి తాళం దగ్గరా ఏదో ఒకటి పడగొడుతుంటే వాణ్ణి పేరుమోసిన దొంగ అని ఎలా నమ్మాలి?

తొమ్మిదో తలుపు

మొదటి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే నేను ఆట మొదలయ్యే ముందే ఆ ప్రదేశానికి తగిన చిక్కులు కొన్ని కాగితం మీద రాసి పెట్టుకుంటాను, తోచనప్పుడు ఆటగాళ్లనే అడుగుతాను. "ఇక్కడ అన్నిటికన్నా దారుణంగా ఏం జరగవచ్చు?" అంటే వాళ్లు నాకన్నా క్రూరంగా ఆలోచిస్తారు.

రెండో దానికి మాత్రం ఒప్పుకోను. చిక్కు అంటే పాత్ర చేతకానితనం అని చెప్పవలసిన పని లేదు. తాళం వెన్నలా వచ్చేసింది, కాని లోపల ఉండకూడని మనిషి ఉన్నాడు. దొంగ నేర్పు అలాగే ఉంది, లోకమే అనుకున్నట్టుగా లేదు. పైగా ఈ ఆటలో గతంలోకి వెళ్లే నియమం ఒకటుంది. ఎదురుపడిన చిక్కును ముందే ఊహించి ఏర్పాటు చేసుకున్నట్టు ఆటగాడు అప్పటికప్పుడు చెప్పవచ్చు, ఆ ఏర్పాటు ఎంత క్లిష్టమైనదైతే అంత ఒత్తిడి చెల్లించాలి. ఆ కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చానని ఆటగాడు చెప్పినప్పుడు పాత్ర నిజంగా నేర్పరిగా కనిపిస్తుంది.

కొత్త ఆటగాడు

పెద్దలందరి అనుభవాలూ శ్రద్ధగా చదివాను. ఈ మధ్యనే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాను. నా ఇబ్బంది వేరే రకమైనది. పాచిక తప్పినప్పుడు అది నా పాత్రకు కాక నాకే జరిగిన అవమానంలా అనిపిస్తుంది. అందరూ నా వైపు చూస్తున్నట్టు ఉంటుంది, ఆ తరువాత నా వంతు వచ్చినా ఏ సాహసమూ చేయబుద్ధి కాదు. ఇది కాలక్రమంలో పోతుందా? లేక ఆట మారిస్తే తేడా ఉంటుందా?

మౌనరేఖ

కొత్త ఆటగాడు గారూ, ఆట మారిస్తే నిజంగానే తేడా ఉంటుంది. రెండు ఆటల గురించి చెబుతాను.

2005లో వచ్చిన డ్రెడ్ అనే భయానక ఆటలో పాచికలే లేవు. బల్ల మధ్యలో జెంగా దిమ్మెల గోపురం ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే ఒక దిమ్మె లాగి పైన పెట్టాలి. గోపురం కూలితే, కూల్చినవారి పాత్ర కథ నుంచి శాశ్వతంగా వెళ్లిపోతుంది. ఇందులో నాకు నచ్చిన నియమాలు రెండు ఉన్నాయి. లాగడానికి నిరాకరించవచ్చు, అప్పుడు ఆ పని విఫలమవుతుంది గాని పాత్ర బతుకుతుంది. కావాలనే గోపురాన్ని కూల్చవచ్చు కూడా, అప్పుడు పాత్ర చనిపోతూ అనుకున్నది సాధిస్తుంది. మా బల్ల దగ్గర ఒకరు, మిగిలినవాళ్లు పడవ ఎక్కే వ్యవధి ఇవ్వడానికి, గోపురాన్ని అరచేత్తో నెట్టేశారు. దిమ్మెలు నేలంతా పడ్డాయి. ఎవరూ ఆయన్ను ఓడిపోయినవారిగా చూడలేదు.

రెండోది జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కో. దీనికి గేమ్ మాస్టర్ అక్కరలేదు. పెద్ద ఆశలూ తక్కువ వివేకమూ ఉన్న మనుషుల కథలు ఇందులో నడుస్తాయి. ఒక సన్నివేశాన్ని మీరు మొదలుపెడితే దాని ముగింపు మంచిదో చెడ్డదో మిగిలినవారు నిర్ణయించి, తెల్ల పాచికో నల్ల పాచికో మీ చేతిలో పెడతారు. ముగింపు మీరే నిర్ణయించుకోవాలనుకుంటే సన్నివేశాన్ని వాళ్లు మొదలుపెడతారు. అందరి పథకాలూ మట్టికొట్టుకుపోతాయని ముందే తెలుసు కాబట్టి, ఓటమి అక్కడ అవమానం కాదు, కథకు కావలసిన ముడిసరుకు. తన పాత్ర మునిగిపోవడాన్ని ఆస్వాదించడం ఒకసారి అలవాటైతే ఆ అలవాటు మిగిలిన ఆటలకూ వెంట వస్తుంది.

ఒంటరి యాత్ర

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని మరో దారి ఉంది: ఒక్కరే ఆడుకోవడం. కొత్త ఆటగాడు గారి ఇబ్బందికి ఇది బాగా పనికివస్తుందని నమ్ముతున్నాను, ఎందుకంటే అక్కడ మీ వైపు చూసేవారు ఎవరూ ఉండరు.

నేను ఆడేది షాన్ టామ్‌కిన్ 2018లో విడుదల చేసిన ఐరన్‌స్వార్న్. దాని డిజిటల్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి, లక్షణం కలిపి, ఆ మొత్తాన్ని విడివిడిగా రెండు పది ముఖాల పాచికలతో పోల్చాలి. వీటిని సవాలు పాచికలంటారు. రెండింటినీ మించితే బలమైన విజయం, ఒకదాన్నే మించితే బలహీనమైన విజయం, దేన్నీ మించకపోతే ఓటమి. సమానమైతే సవాలు పాచికదే గెలుపు. ఆ రెండు పది ముఖాల పాచికల మీద ఒకే అంకె పడితే కథలో ఊహించని మలుపు రావాలి. ఏం జరిగిందో తెలియనప్పుడు పుస్తకంలోని పట్టికలను ప్రశ్న అడిగి నూరు పాచిక వేస్తాం.

ఒంటరి ఆటలో ఓటమిని ఎవరో చెప్పరు, మనమే రాసుకోవాలి. అక్కడ మనిషికి తన మీద తనకున్న జాలి అడ్డం వస్తుంది. నేను ఒక నోటు పుస్తకంలో కథ రాసుకుంటూ ఆడతాను. మొదట్లో పాచిక తప్పినప్పుడల్లా చిన్న గాయమో, పోయిన ఆహారమో రాసి సరిపెట్టేవాణ్ణి, కథ చప్పగా సాగేది. ఒకసారి నా పాత్ర ప్రతిజ్ఞ చేసి వెతుకుతున్న అక్క ఆచూకీ దగ్గర పాచిక ఘోరంగా తప్పింది, పైగా రెండు సవాలు పాచికల మీదా 10 పడింది. చాలాసేపు రాయలేకపోయాను. చివరికి, ఆమె దొరికింది, కాని వెనక్కి రానంది అని రాశాను. ఆ వాక్యం తరువాత నోటు పుస్తకం నిండేదాకా కథ ఆగలేదు.

పాచికల పెట్టె

ఒంటరి యాత్ర గారూ, ఆ వాక్యం చదివి నేనూ ఆగిపోయాను.

కొత్త ఆటగాడు గారికి నా జవాబు. మీరు ఆట మార్చనక్కరలేదు, కాని వీలైతే ఒకటి రెండు సెషన్లు ట్రావెలర్‌లో పాత్ర తయారు చేసి చూడండి. మార్క్ మిల్లర్ రాసిన ఈ అంతరిక్ష ఆట 1977లో వచ్చింది. ఇందులో పాత్ర గత జీవితాన్ని నాలుగేళ్ల చొప్పున పాచికలు వేసి నిర్ణయిస్తారు, ప్రతి నాలుగేళ్లకూ బతికి బయటపడ్డామా అన్న పాచిక ఉంటుంది. మొదటి ఎడిషన్‌లో అది తప్పితే ఆట మొదలు కాకముందే పాత్ర చనిపోయేది. 2008లో వచ్చిన మోంగూస్ ఎడిషన్‌లో చావుకు బదులు ఏదో ఒక దుర్ఘటన జరిగి ఆ ఉద్యోగం పోతుంది. నౌకాదళం నుంచి గాయంతో బయటపడి, వ్యాపారంలో దిగి, అక్కడా శత్రువును సంపాదించుకున్న నలభై ఏళ్ల మనిషితో మీరు ఆట మొదలుపెడతారు. ఆ మనిషిలో ఆసక్తి కలిగించేవన్నీ తప్పిన పాచికల నుంచి పుట్టినవే. మొదటి సన్నివేశానికి ముందే ఓటములు చరిత్ర అయిపోతాయి కాబట్టి, తరువాత ఆటలో పాచిక తప్పినప్పుడు "ఇదీ వాడి జీవితంలో ఒకటి" అనుకోవడం తేలిక.

మీ ప్రస్తుత బల్ల దగ్గర కూడా ఒక మార్పు అడిగి చూడవచ్చు. ప్రతి పాచికకు ముందు, ఇది తప్పితే ఏం జరుగుతుందో ఒక్క వాక్యంలో చెప్పమని మీ గేమ్ మాస్టర్‌ను కోరండి. చెప్పడానికి ఏమీ లేకపోతే ఆ పాచిక వేయవలసిన అవసరమే లేదు, తాళం తెరుచుకుందని చెప్పి ముందుకు పోవచ్చు. పటం గీసేవాడు గారు చెప్పిన కాలం లెక్క, మౌనరేఖ గారు చెప్పిన ముందస్తు హెచ్చరిక, రెండూ ఈ ఒక్క అలవాటులో ఇమిడిపోతాయి, అయిదో ఎడిషన్ నియమాలు ఒక్కటి కూడా మార్చనక్కరలేదు.

పటం గీసేవాడు

ఆ సూచనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఒకటి జోడిస్తాను. ఒకరి పాచిక తప్పిన పనిని పరిస్థితి మారకుండా ఇంకొకరు ప్రయత్నించకూడదన్న నియమం పెట్టుకోండి. బర్నింగ్ వీల్ అనే ఆటలో ఇలాంటి నియమం ఉంది, ఒకసారి పడిన ఫలితం పరిస్థితి నిజంగా మారేదాకా నిలిచే ఉంటుంది. దీనివల్ల ఒకరి ఓటమిని ఇంకొకరు వచ్చి చెరిపేయడం ఉండదు, దొంగ పాత్రధారి పని దొంగకే మిగులుతుంది.

కొత్త ఆటగాడు

అందరికీ ధన్యవాదాలు. మా గేమ్ మాస్టర్ గారికి ఈ రెండు సూచనలూ చూపించాను, వచ్చే సెషన్‌లో ప్రయత్నిద్దామన్నారు. కాపలావాళ్ల అనుమానానికి ఒక గడియారం కూడా గీస్తామంటున్నారు. అయిదో ఎడిషన్‌లో మూడు గంటల సెషన్‌కు ఎన్ని భాగాల గడియారం పెట్టుకుంటే బాగుంటుంది?

తొమ్మిదో తలుపు

ఒక్క సెషన్‌లో తేలిపోవలసిన ప్రమాదానికి ఆరు భాగాలు పెట్టండి. మామూలుగా తప్పిన పాచికకు ఒక భాగం, లక్ష్యానికి అయిదు అంతకు మించి తగ్గితే రెండు భాగాలు నింపితే సరిపోతుంది. ఎనిమిది భాగాల గడియారం మీ ఎడిషన్‌లో ఒక్క సెషన్‌లో నిండటం కష్టం, ఎందుకంటే యుద్ధాలకే సగం సమయం పోతుంది. కాగితాన్ని మాత్రం గేమ్ మాస్టర్ తెర వెనక పెట్టవద్దు, అందరికీ కనిపించేలా బల్ల మధ్యలోనే ఉంచండి.